గుమ్మం ముందు బెంజి... సొంతమా, అద్దెదా?

"నెలకి తొంభై ఎనిమిది వేలే! పాత కారు అమ్మేస్తే ముందు కట్టేదాంట్లో కొంత అదే వచ్చేస్తుంది" అని మీ వారు ఏ ఆదివారం పూటో పేపరు మడిచి పక్కన పెడుతూ అన్నారనుకోండి. మీరేమంటారు? "మీ ఇష్టం" అనేస్తాం మనలో చాలామందిమి. కార్ల సంగతి మనకేం తెలుసు? రంగు ఏది బాగుంటుందని అడిగితే చెబుతాం, అంతే. కానీ ఆ తర్వాత బ్యాంకు మనిషి కాగితాల కట్ట పట్టుకొచ్చి "మేడమ్, ఇక్కడ... ఇక్కడ... ఇంకా ఇక్కడ" అని వేలుపెట్టి చూపిస్తూ సంతకాలు పెట్టించుకునేది మాత్రం మనచేత కూడా!

కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయలకి పావుగంట బేరమాడే మనం అరకోటి కారు దగ్గరికొచ్చేసరికి నోరెత్తం. బెంజి కొనుక్కోవద్దని చెప్పడానికి కాదండీ ఇదంతా. ముచ్చట ఉంది, స్తోమత ఉంది, హాయిగా కొనుక్కోవచ్చు. కాకపోతే ఈ రోజుల్లో పెద్ద కారు ఇంటికి రావడానికి ఒకటి కాదు, మూడు దార్లున్నాయి. ఏ దారిన వచ్చినా వీధిలో వాళ్ళకి ఒకేలా కనిపిస్తుంది. మన ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం ఒకేలా ఉండదు.

మూడు దార్లు

మొదటిది మనకి తెలిసిందే. కొంత మనం కట్టి, మిగతాది అప్పు తెచ్చి కొనడం. ఐదేళ్ళో ఏడేళ్ళో వాయిదాలు కడతాం. అప్పు తీరిన రోజున బ్యాంకు నుంచి కాగితం తెచ్చుకుని ఆర్.సి.లో బ్యాంకు పేరు కొట్టేయించుకుంటాం. అక్కణ్ణించి కారు పూర్తిగా మనది.

రెండోది లీజు. తేలిగ్గా చెప్పాలంటే ఇల్లు అద్దెకి తీసుకున్నట్టే. కారు లీజు కంపెనీది. మనం రెండేళ్ళకో, మూడేళ్ళకో, నాలుగేళ్ళకో ఒప్పందం రాసుకుని నెలనెలా అద్దె కడతాం. ఇన్సూరెన్సు, సర్వీసింగు కూడా చాలామంది అద్దెలోనే కలిపేస్తారు. గడువు తీరాక తాళాలు తిరిగి ఇచ్చేయాలి. అద్దింటికి సున్నం కొట్టిస్తే మనకేం మిగులుతుందో, లీజు కారు ఎంత అపురూపంగా చూసుకున్నా అంతే మిగులుతుంది!

మూడోది ఈ రెండిటికీ మధ్యలోది. మన దేశంలో ఖరీదైన కార్ల షోరూముల్లో ఇప్పుడు ఎక్కువగా ముందు పెట్టేది ఇదే. ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దు పేరు పెట్టింది గానీ లోపల సరుకు ఒకటే. అప్పులో పెద్ద ముక్కని, అంటే కారు ధరలో సగం దాకా, చివరి వాయిదాకి తోసేస్తారు. ఫైనాన్సు వాళ్ళ భాషలో దీన్ని 'బెలూన్' అంటారు. దాంతో నెలవారీ వాయిదా తగ్గి కనిపిస్తుంది. మూడేళ్ళు అయ్యాక ఆ పెద్ద ముక్క కట్టి కారు ఉంచుకోవచ్చు, లేకపోతే కారు తిరిగిచ్చేసి చేతులు దులుపుకోవచ్చు. లేదా దాన్ని ఇచ్చేసి ఇంకో కొత్తది తీసుకోవచ్చు. షోరూము వాళ్ళకి ఇష్టమైంది ఈ చివరిదే. ఎందుకో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

బంగారంలో తరుగు, కారులో తరుగు

నగల షాపులో తరుగెంత, మజూరీ ఎంత అని మనం నిలదీసి అడుగుతాం. ఒక శాతం ఎక్కువేస్తే లేచి వచ్చేస్తాం. కారులో కూడా తరుగుంటుంది. కాకపోతే బంగారంలో తరుగు కొన్న రోజున ఒక్కసారే పోతుంది, కారులో తరుగు రోజూ పోతుంది. అందులోనూ మొదటి మూడేళ్ళలో ఎక్కువగా పోతుంది.

ఎంత పోతుందో తెలుసుకోవడానికి ఇన్సూరెన్సు వాళ్ళ పట్టికే ఒక కొండగుర్తు. మన దేశంలో మోటారు ఇన్సూరెన్సు లెక్కల్లో కారు విలువని కంపెనీ ధరలోంచి ఇలా తగ్గిస్తారు: ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్ళు దాటితే 30, మూడేళ్ళు దాటితే 40, నాలుగేళ్ళు దాటితే 50. ఇది కేవలం ఇన్సూరెన్సు కోసం వేసే లెక్క. బజారులో ఖరీదైన కారు ఇంతకన్నా ఎక్కువే పడిపోవడం మామూలు. కారణం వెతకనక్కర్లేదు. పాత బెంజి కొనడానికి భయపడే వాళ్ళెక్కువ, దాని సర్వీసు బిల్లులు అలాంటివి మరి!

పైగా షోరూము ధర వేరు, రోడ్డెక్కేసరికి ధర వేరు. పెద్ద కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అంతకు ముందు 28 శాతం పన్ను, దాని మీద సెస్సు కలిపి 50 శాతం దాకా ఉండేది, కాబట్టి కాస్త తగ్గిందనే చెప్పాలి. ఇది షోరూము ధరలోనే కలిసి ఉంటుంది. ఆ పైన రాష్ట్రం వాళ్ళ జీవితకాల పన్ను. తెలంగాణలో పెద్ద కారుకి ఇది ధరలో దాదాపు ఐదో వంతు! అప్పటికే ఇంట్లో మీ పేరున ఒక కారుంటే రెండో దాని మీద మరికొంత. ఇన్సూరెన్సు సరేసరి. పది లక్షలు దాటిన కారుకి ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. ఇది మాత్రం పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ టాక్సు రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ సంగతి మర్చిపోయేవాళ్ళున్నారు, మీరు గుర్తుచేయండి.

ఇక పలక మీద లెక్క

ఒక కారు షోరూము ధర 50 లక్షలు అనుకుందాం. అన్ని పన్నులూ, ఇన్సూరెన్సూ కలిపి రోడ్డెక్కేసరికి 62 లక్షలు. మనం 12 లక్షలు కట్టాం, 50 లక్షలు అప్పు, వడ్డీ 9 శాతం అనుకుందాం. వడ్డీ రేట్లు మారుతుంటాయి, కారు అమ్మితే వచ్చే ధరలు కూడా నేను ఉజ్జాయింపుగా వేసినవే. మీ ఇంటి అంకెలు వేసుకుని చూసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మామూలుగా ఐదేళ్ళ అప్పు తీసుకుంటే నెలకి దాదాపు 1,03,800 రూపాయలు. ఐదేళ్ళలో కట్టేది 62 లక్షల 27 వేలు, అంటే వడ్డీయే 12 లక్షల పైన. ముందు కట్టిన 12 లక్షలు కలిపితే మొత్తం 74 లక్షల 27 వేలు. ఐదేళ్ళ తర్వాత కారు 20 లక్షలకి అమ్ముడుపోయిందనుకుంటే, మనం వాడుకున్నందుకు అయిన ఖర్చు 54 లక్షల 27 వేలు. నెలకి వేసుకుంటే 90 వేల పైచిలుకు. అమ్మకుండా ఎనిమిదేళ్ళు నడిపి 10 లక్షలకి అమ్మితే? నెలకి 67 వేలు.

ఇప్పుడు ఆ 'బెలూన్' పద్ధతి. అదే 12 లక్షలు ముందు, అదే 9 శాతం వడ్డీ, మూడేళ్ళ గడువు, చివర్న 25 లక్షల పెద్ద ముక్క. నెల వాయిదా దాదాపు 98,250. అదే మూడేళ్ళకి మామూలు అప్పు తీసుకుంటే లక్షా 59 వేలు కట్టాలి! అదిగో, సేల్స్ అబ్బాయి నవ్వుతూ ఈ రెండంకెలే పక్కపక్కన రాసి చూపిస్తాడు. "చూశారా సార్, నెలకి అరవై వేలు మిగులు!"

మిగులా? మూడేళ్ళలో కట్టిన వాయిదాలు 35 లక్షల 37 వేలు. ముందు కట్టిన 12 లక్షలు కలపండి. 47 లక్షల 37 వేలు. కారు తిరిగిచ్చేశారు. చేతిలో ఏమీ లేదు. 36 నెలలకి పంచితే నెలకి లక్షా 31 వేల పైన పడింది. తొంభై ఎనిమిది వేలు అన్న మాటలో ముందు కట్టిన 12 లక్షలు ఎక్కడికెళ్ళాయి? ఎక్కడికీ వెళ్ళలేదండీ, మనమే మర్చిపోయాం. పాత కారు అమ్మిన డబ్బు కదా, అది డబ్బులా కనిపించలేదు.

సరే, మూడేళ్ళకోసారి కొత్తది కావాలనుకుని ఇదే పద్ధతిలో మూడుసార్లు తీసుకున్నారనుకోండి. ధరలు ఇలాగే ఉన్నాయనుకున్నా తొమ్మిదేళ్ళలో కోటీ 42 లక్షలు! కొనేసి ఉంచుకున్న ఇల్లాలికి 74 లక్షలతో పోయింది, గరాజులో పాతదైనా ఒక కారుంది. ఆవిడకి సర్వీసు బిల్లులు ఎక్కువొస్తాయి, కాదనను. వారంటీ తీరాక పెద్ద రిపేరు వస్తే లక్షల్లో ఉంటుంది. ఏడాదికి రెండు లక్షలు దానికి తీసి పక్కన పెట్టుకున్నా ఆవిడే నయం. ఎందుకంటే తరుగు ఎక్కువగా పోయే మొదటి మూడేళ్ళు ఆవిడ ఒక్కసారే భరించింది. మూడేళ్ళకోసారి మార్చేవాళ్ళు ప్రతిసారీ భరిస్తారు.

దీన్నే తిప్పి చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది. మూడేళ్ళు నడిచి తిరిగొచ్చిన కార్లని అవే కంపెనీలు తనిఖీ చేసి, కొంత వారంటీ ఇచ్చి అమ్ముతాయి. వేరేవాళ్ళు తరుగూ పన్నులూ భరించేశాక మనం ఎక్కుతామన్నమాట. సెకండ్ హ్యాండ్ అనిపించుకోవడం నామోషీ అయితే అది వేరే సంగతి.

నామోషీ ఎవరి దగ్గర?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకప్పుడు మన ఊళ్ళలో కారున్న ఇల్లు అంటేనే గొప్ప. అది అంబాసిడరా, ఫియట్టా అన్నది తర్వాతి మాట. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి వాళ్ళు కూడా కారెక్కారు. 1995లో పుణెలో టెల్కో ప్రాంగణంలో బెంజి ఈ-క్లాస్ తయారవడం మొదలైంది. 2007లో చెన్నైలో బి.ఎమ్.డబ్ల్యు. ఫ్యాక్టరీ తెరిచింది. అంటే మన దేశంలో 'మామూలు కారు', 'పెద్ద కారు' అనే తేడా ఒక తరం వయసుది. కారుండటం గొప్ప కాకుండా పోయేసరికి, ఏ కారన్నది గొప్ప అయింది.

మనుషుల బుద్ధి అన్ని దేశాల్లోనూ ఒకటే సుమండీ. నెదర్లాండ్స్‌లో ఒక లాటరీ ఉంది. ఏదో ఒక పిన్‌కోడు తీస్తారు, ఆ వీధిలో టిక్కెట్టు కొన్నవాళ్ళకి డబ్బు, ఒకరికి కొత్త బి.ఎమ్.డబ్ల్యు. కారు. టిక్కెట్టు కొనని పక్కింటివాళ్ళు ఏం చేస్తారో కొందరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2011లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ' పత్రికలో రాశారు. గెలిచినవాళ్ళ పక్కింట్లో ఉన్నవాళ్ళు కార్ల మీద మిగతావాళ్ళ కంటే ఎక్కువ ఖర్చుపెట్టారట! వాళ్ళకి లాటరీలో పైసా రాలేదు. అసలు తమాషా ఏమిటంటే, కారు గెలిచినవాళ్ళలో చాలామంది దాన్ని ఉంచుకోకుండా సొమ్ము చేసుకున్నారు. ఊరికే వచ్చినవాడు వద్దనుకున్నాడు, చూసినవాడు జేబులోంచి పెట్టాడు.

అమెరికా కోటీశ్వరుల మీద థామస్ స్టాన్లీ, విలియం డాంకో అనే ఇద్దరు 1996లో ఒక పుస్తకం రాశారు. వాళ్ళు పరిశీలించిన కోటీశ్వరుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు కారు కొనుక్కున్నవాళ్ళే, లీజు తీసుకున్నవాళ్ళు ఒక్కరి వంతు. వాళ్ళ ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించింది బెంజి కాదు, ఫోర్డు!

అంటే గొప్పగా కనిపించాలనుకోవడం తప్పా? నేనలా అనను. మనం పెళ్ళికి పట్టుచీర కట్టుకునేది ఒంటికి చల్లగా ఉంటుందనా? రియల్ ఎస్టేటు చేసేవారికి, కాంట్రాక్టులు చేసేవారికి, సినిమా వాళ్ళకి కారే విజిటింగ్ కార్డు. చిన్న కారులో దిగితే ఎదుటివాడు కూర్చోమని కూడా అనడు. అది లోకం తీరు. వాళ్ళకి ఆ కారు వ్యాపారంలో పెట్టుబడి. కానీ నెల జీతం మీద బతికే ఇంట్లో ఆ కారు ఎవరికి చూపించడానికి? అపార్టుమెంటు వాచ్‌మన్‌కా? ఆ ప్రశ్న ఇంట్లో ఒకసారైనా నెమ్మదిగా, పోట్లాట కాకుండా అడగాలి. పార్కింగులో నిలబడే కారుకీ, పిల్ల మెడిసిన్ సీటు ఫీజుకీ డబ్బు వచ్చేది ఒకే జీతంలోంచి కదా!

అమెరికా ఫొటోలో అబ్బాయి కారు

మన పిల్లలు డల్లాస్ నుంచో, న్యూజెర్సీ నుంచో పంపే ఫొటోల్లో నిగనిగలాడే కారుంటుంది. "మావాడు బి.ఎమ్.డబ్ల్యు. కొన్నాడు" అని మనం నలుగురికీ చెప్పేస్తాం. అక్కడ ఖరీదైన కార్లు లీజు మీద తీసుకోవడం చాలా మామూలు విషయం. ఎవరూ దాచరు, ఎవరూ నామోషీ అనుకోరు. మనకే తెలియదు.

అక్కడి లెక్క సూటిగా ఉంటుంది. ఒక కారు 60 వేల డాలర్లు. మూడేళ్ళ తర్వాత దాని విలువ 33 వేలు ఉంటుందని లీజు కంపెనీ ముందే నిర్ణయిస్తుంది. తగ్గిన 27 వేలని 36 నెలలకి పంచితే నెలకి 750 డాలర్లు. దాని మీద వడ్డీలాంటిది 'మనీ ఫ్యాక్టర్' అని వేస్తారు. 0.0025 అని చీమంత అంకె రాసి ఉంటుంది. దాన్ని 2,400తో గుణించండి, ఏడాది వడ్డీ 6 శాతం అని బయటపడుతుంది! 60 వేలూ 33 వేలూ కలిపి ఆ చిన్న అంకెతో గుణిస్తే నెలకి 232 డాలర్ల 50 సెంట్లు. వెరసి నెలకి 982 డాలర్ల పైన, ఆ రాష్ట్రం పన్ను అదనం.

అద్దె కట్టేస్తే అయిపోతుందా? ఏడాదికి 10 వేలో 12 వేలో మైళ్ళు మాత్రమే తిరగాలని షరతు. దాటితే మైలుకి పావు డాలరు దాకా. మూడేళ్ళలో ఆరు వేల మైళ్ళు ఎక్కువ తిరిగితే 1,500 డాలర్లు చేతి చమురు. తిరిగిచ్చేటప్పుడు గీతలు, సొట్టలు, సీటు మీద మరకలు చూసి అదీ వసూలు చేస్తారు.

వీటన్నిటికన్నా పెద్ద సంగతి ఒకటుంది, పిల్లలు అక్కడ ఉన్న తల్లులు గుర్తుంచుకోవాల్సింది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఆలోగా వేరే ఉద్యోగమో వీసానో చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. 2022 చివర్లో, 2023లో పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు పోయినప్పుడు మన పిల్లలెందరో ఆ 60 రోజుల గండంలో పడ్డారు. సొంత కారైతే అమ్మి ఉన్న అప్పు తీర్చి బయటపడొచ్చు. లీజు మధ్యలో మానేస్తే మిగిలిన అద్దెల్లో చాలా భాగం, పైన జరిమానా కట్టమంటారు. లీజుని వేరేవాళ్ళ పేరుకి మార్చే వీలు కొన్ని కంపెనీలే ఇస్తాయి. కాబట్టి వీసా గట్టిపడని పిల్లలకి "ఆ లీజు రెండేళ్ళాగి తీసుకో నాన్నా" అని చెప్పడంలో తప్పు లేదు. వింటారా అంటే... చెప్పడం వరకే మన పని.

పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకి ఇంకో మాట. "అబ్బాయికి బెంజి ఉందట" అని మధ్యవర్తి చెబితే అది ఆస్తి కాదు, నెలనెలా కట్టాల్సిన అద్దె అయి ఉండొచ్చు. అమ్మాయి అక్కడికి వెళ్ళిన మొదటి నెలలోనే ఆ అద్దె ఇంటి ఖర్చులో ఆవిడకీ కనిపిస్తుంది. ఇది మనసులో పెట్టుకుని మాట్లాడుకోండి.

మరి లీజు ఎవరికి మంచిది?

లీజంటేనే మోసం అనుకోకండి. వ్యాపారం ఉన్నవాళ్ళకి, కారు వ్యాపారానికే వాడితే, లీజు అద్దె మొత్తం ఖర్చు కింద చూపించుకోవచ్చు. సొంత కారైతే ఏడాదికి 15 శాతం చొప్పున తరుగుదల, అప్పు మీద వడ్డీ మాత్రమే చూపించాలి. అందుకే ఆడిటర్లు లీజు వైపు మొగ్గు చూపుతారు. "జీఎస్టీ కూడా వెనక్కొస్తుంది సార్" అని షోరూములో ఎవరైనా అంటే మాత్రం ఆగండి. పదమూడు మంది లోపు కూర్చునే కార్ల మీద మామూలు వ్యాపారికి ఆ జీఎస్టీ వెనక్కి రాదు, లీజు అద్దె మీదైనా అంతే. కార్లు అమ్మేవాళ్ళకి, టాక్సీలు నడిపేవాళ్ళకి, డ్రైవింగ్ స్కూలు వాళ్ళకి, ఇలా కొందరికే ఆ వీలు.

కొన్ని పెద్ద కంపెనీలు ఉద్యోగులకి లీజు కార్లిస్తాయి. జీతంలోంచి అద్దె పోతుంది, ఇన్‌కమ్ టాక్సు కాస్త కలిసొస్తుంది. ఉద్యోగం మారితే ఆ కారేమవుతుందో, చేతి నుంచి ఎంత కట్టి విడిపించుకోవాలో ముందే అడిగి ఉంచుకోవాలి. రెండు మూడేళ్ళకే ఊరు మారే ఉద్యోగాల వాళ్ళకీ, పాత కారు అమ్ముకునే తలనొప్పి భరించలేని వాళ్ళకీ కూడా లీజు సుఖమే. ఆ సుఖం ఖరీదెంతో తెలిసి తీసుకుంటే చాలు.

సంతకం పెట్టే ముందు

మీరు సహ దరఖాస్తుదారుగా సంతకం పెడితే ఆ అప్పు సగం మీదని కాదు, మొత్తం మీది కూడా! హామీదారుగా పెట్టినా అంతే, ఆయన కట్టకపోతే బ్యాంకు మీ దగ్గరికి వస్తుంది. వాయిదాలు తప్పితే మీ పేరున ఉన్న సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు మీరు బొటిక్ పెట్టుకోవడానికో, పిల్ల చదువుకో అప్పుకి వెళ్తే ఈ కారు కాగితం అడ్డం వస్తుంది. మీకు జీతం లేకపోయినా, మీ పేరున ఫ్లాటో స్థలమో ఉంటే బ్యాంకుకి మీరు కావాలి. కాబట్టి చదవకుండా పెట్టకండి. "రేపు వచ్చి తీసుకెళ్ళండి" అని కాగితాలు ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోండి. ఇవ్వనంటే ఆలోచించాల్సిందే.

లీజు కారుకి ఆర్.సి.లో లీజు కంపెనీ వివరాలుంటాయి. "అయితే యాక్సిడెంటు అయినా వాళ్ళదేగా బాధ్యత" అనుకునేరు! 1988 మోటారు వాహనాల చట్టంలో, లీజు ఒప్పందం మీద ఉన్న బండికి అది ఎవరి అధీనంలో ఉందో వాళ్ళే 'ఓనరు' అని రాసి ఉంది. సొంత కారు కాదని బాధ్యత తప్పదు, ఆస్తి మాత్రం మిగలదు. వేరే రాష్ట్రం నంబరు మీద కారిస్తే ఇంకా జాగ్రత్త. పన్నెండు నెలలు దాటి మన రాష్ట్రంలో ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. అది ఎవరు కట్టేట్టు? ఒప్పందంలో ఏ పేజీలో ఉందో వేలుపెట్టి చూపించమనండి.

కిలోమీటర్ల షరతు మన దగ్గరా ఉంది. ఏడాదికి పది వేల కిలోమీటర్లని రాసుకుంటే చాలనిపిస్తుంది. హైదరాబాదు నుంచి తిరుపతి వెళ్ళి రావడమే 1,100 కిలోమీటర్ల పైమాట. రోజూ ఆఫీసుకి ముప్ఫై కిలోమీటర్లు తిరిగితే అదే ఏడాదికి దాదాపు తొమ్మిది వేలు. ఇక అత్తవారి ఊరికి, పుట్టింటికి బస్సులో వెళ్తారా?

చెప్పిన అద్దెలో జీఎస్టీ కలిసి ఉందా, మధ్యలో మానేస్తే ఎంత, కారు దొంగతనం పోతే ఇన్సూరెన్సు ఇచ్చే దానికీ కంపెనీకి కట్టాల్సిన దానికీ మధ్య తేడా ఎవరిది, తిరిగి ఇచ్చేటప్పుడు సొట్టలకి ధర ఎవరు కడతారు... ఇవి నోటి మాటగా కాదు, రాతలో చూడాలి. అన్నిటికన్నా ముందు అడగాల్సింది: మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మా ఇంట్లోంచి వెళ్ళే డబ్బు మొత్తం ఎంత? ఆ ఒక్క అంకె కాగితం మీద రాసి ఇమ్మనండి. "నెలకి..." అని మొదలుపెడితే మళ్ళీ అడగండి.

లీజు కారే తీసుకున్నారా? అయితే ఇంకో చిన్న సంగతి, మన వంటింటికి సంబంధించింది. ఈ కార్లలో చాలావాటికి లేత రంగు తోలు సీట్లుంటాయి. పులిహోర డబ్బా, ఆవకాయ సీసా సీటు మీద పెడితే పసుపు నూనె మరక పడిందంటే తిరిగిచ్చేటప్పుడు సీటు ఖరీదు అడగొచ్చు. డబ్బాలు వెనక డిక్కీలో, పాత తువ్వాలు పరిచి పెట్టండి. మరక పడితే వెంటనే పొడిగుడ్డతో అద్దండి, రుద్దకండి. రుద్దితే లోపలికి ఇంకుతుంది. నిమ్మరసం, నెయిల్ పాలిష్ తుడిచే మందు తోలు మీద వాడితే రంగే పోతుంది. చల్లటి నీళ్ళలో రెండు చుక్కలు మెత్తటి సబ్బు కలిపి, గుడ్డ గట్టిగా పిండి తుడవండి. తర్వాత నీడలోనే ఆరనివ్వండి.